ఇక్కడ రోజూ గాలే

ఒసాకా
1977 మార్చి 6

ఒక్‌చున్ అక్కకి,

నీ చెల్లెలు హేసన్ రాస్తున్నది. ఈ ఊరొచ్చి పదిహేనేళ్ళయినా నీకు ఉత్తరం మొదలుపెట్టాలంటే ముందు నీ తిట్లే చెవిలో వినిపిస్తాయి. అందుకని ముందే వేడుకుంటున్నాను, మొత్తం చదివాకే తిట్టు.

నాకు ఒంట్లో బాగుండటం లేదు. జనవరిలో ఒక ఉదయం చెప్పుల కార్ఖానాకి వెళ్తూ రైల్లో నిలబడి ఉన్నాను. తలుపులు మూసుకున్నాయి. అంతే, గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను అక్కా, మాటవరసకి కాదు. పక్కనున్న ముసలాయన నా సంచి పట్టుకుని, తర్వాతి స్టేషనులో దింపి బల్ల మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి అంతా మామూలే. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అప్పటినుంచి అది వారానికి రెండు మూడుసార్లు వస్తోంది. ఇప్పుడు రైలు మాట అటుంచి, వీధి చివర చేపల కొట్టుకి వెళ్ళాలన్నా కాళ్ళు కదలడం లేదు.

మీ మరిది గుండెజబ్బనుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గుండె గుండ్రాయిలా ఉందని చెప్పి ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. ముసలాయన, కనుబొమలు చీపురుకట్టల్లా ఉంటాయి. "ఇది భయం జబ్బమ్మా. కడుపులో పుండు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. సిగ్గెందుకు?" అన్నాడు. మందు రెండు రకాలు. ఒకటి రోజూ వేసుకునేది, కాగితం పొట్లాల్లో ఇస్తారు. రెండోది చిన్న తెల్ల మాత్ర, వెండి రేకులో పది ఉంటాయి. మరీ ఊపిరాడనప్పుడు మాత్రమే ఒకటి వేసుకోవాలి. ఆ రేకు నా చొక్కా జేబులో లేనిదే గడప దాటను.

ఊపిరి పాఠం కూడా చెప్పాడు. పెదాలు సన్నగా చేసి, ఈల వేసినట్టు మెల్లగా, చివరిదాకా వదలాలట. నాకు నవ్వొచ్చింది. గుల్లల కోసం ఊపిరి బిగబట్టి మునిగి, నీళ్ళ పైకి రాగానే మీరంతా వేసే ఈలే కదా అది! అమ్మ వీపు మీద చరిచి నేర్పినదాన్ని సముద్రం దాటొచ్చి డాక్టరు దగ్గర మళ్ళీ నేర్చుకుంటున్నాను.

ఈ సంగతి నీకొక్కదానికే చెప్తున్నాను. ఎవరికీ చెప్పకు.

నీ తిట్ల కోసం తల వంచుకుని ఉన్న
హేసన్


జేజు దీవి
1977 మార్చి 24

హేసన్‌కి,

నీ ఉత్తరం అందింది. నాకే కాదు, అందరికీ అందింది. పోస్టుమనిషి ఇంటింటికీ తిరగడు, గుల్లలు ఏరే ఆడవాళ్ళమంతా ఒడ్డున నెగడు దగ్గరే దొరుకుతామని అన్నీ అక్కడే పడేసి పోతాడు. నేను నీళ్ళలోంచి వచ్చేసరికి యాంగ్ వదిన నీ ఉత్తరం విప్పి రెండో పేజీలో ఉంది. "ఒసాకా పిల్లకి పిచ్చిమందులిస్తున్నారట ఒక్‌చునూ, పాపం" అని నా చెల్లెలి సంగతి నాకే చెప్పింది. వీళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ కూతుళ్ళకి పిచ్చి అన్న మాట ఈపాటికి కొండ అవతలి ఊరికి కూడా చేరి ఉంటుంది.

కాబట్టి ఇకమీదట ఆ జబ్బు పేరు కాగితం మీద పెట్టకు. "గాలి" అని రాయి. ఈ దీవిలో గాలి గురించి ఎంత రాసినా ఎవరూ చెవిన పెట్టరు. గాలి ఎక్కువగా ఉందనో, తగ్గిందనో రాస్తే నాకు అర్థమవుతుంది. మందుకి మాత్రం ఏ పేరూ అక్కర్లేదు, ఎందుకంటే దాన్ని నువ్వు రేపే మీ ఊరి కాలవలో పారేస్తావు. భయం పిలిస్తే వస్తుంది, ఛీ కొడితే పోతుంది. మాత్రలు మింగి బతికిన వాళ్ళు మన ఇంట్లో ఎవరున్నారు? తలనొప్పి పొడి వేరు, అది మందు కాదు. దిగే ముందు అందరం తలా కాస్త నోట్లో పోసుకునేదే.

నీది జడుపు. పదమూడో ఏట మొదటిసారి లోతుకి దిగి, నోట నురగతో పైకొచ్చి, ఇక చస్తే దిగనన్నావే, ఆ రోజే నీ ప్రాణంలో ఒక ముక్క జారి ఆ నీళ్ళలో పడిపోయింది. దాన్ని ఎవరూ పిలిచి తేలేదు. ఒంటి మీద వేసుకున్న చొక్కా ఒకటి ఉతక్కుండా పంపు. పూజారమ్మ చేత పిలిపించి, దానిలో పెట్టి పంపుతాను.

ఇక్కడి కబుర్లు. నాతో దిగే బోబే పోయింది. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ, నల్లబండ దగ్గర. పెద్ద గుల్ల కనబడిందట, ఊపిరి అయిపోతున్నా మళ్ళీ వంగింది. గుల్లని పెకలించే పలుగు బండసందులో ఇరుక్కుంది, పలుగు తాడు మణికట్టుకి ఉంది. పది బారల దూరంలో నేనున్నాను. ఈల వినిపించడం లేదేమిటా అనుకున్నాను, అనుకుని మళ్ళీ మునిగాను. శవాన్ని తెచ్చాం కానీ పలుగు అక్కడే ఉంది. నాకేం కాలేదు. మూడో రోజే దిగాను. అందరిలో పెద్దదైన మున్ అవ్వ పక్కన, నెగడుకి ఎగువన, లోతులో ఆరితేరినవాళ్ళు కూర్చునే చోట నా రాయి మీద నేనే కూర్చుంటున్నాను. ఇక్కడ కూడా గాలి మొదలైంది. కాళ్ళు నిలవనివ్వడం లేదు.

బావ నీకు ఆశీస్సులు చెప్పమన్నాడు. తాగి ఉన్నాడు, అయినా మనసులోంచే అన్నాడు.

మందు పారేశానని రాస్తేనే నీ అక్క
ఒక్‌చున్


ఒసాకా
1977 ఏప్రిల్ 12

అక్కకి,

బోబే వదిన వార్త చదివి పొయ్యి మీద కూర మాడిపోయేదాకా అలాగే కూర్చున్నాను. చిన్నప్పుడు నాకు ఈత నేర్పుతూ కడుపు కింద చెయ్యి పెట్టి పట్టుకునేది. ఆ చెయ్యేనా అక్కా, ఇరుక్కున్నది?

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ వస్తువుని కాలవలో పారేశాను. ఇప్పుడు హాయిగా ఉన్నాను. గాలి బాగా తగ్గింది.

యాంగ్ వదిన తమ్ముడి పెళ్ళికని ఇక్కడికి వచ్చి, మా ఇంట్లోనే నాలుగు రోజులుంది. నేను పిచ్చిదాన్నో కాదో చూసి వెళ్దామని వచ్చినట్టే ఉంది. నేను అన్నం వండుతుంటే గరిటె ఎలా పట్టుకున్నానో కూడా చూసింది. నువ్వడిగిన చొక్కా ఆవిడ చేతే పంపాను. ఆవిడ గుమ్మంలో తొందర చేస్తుంటే ఒంటి మీదున్న నీలం చొక్కా విప్పి అలాగే మడిచి ఇచ్చేశాను. మూట విప్పనని ఒట్టు వేయించుకున్నాను గానీ, ఆవిడ ఒట్టు గట్టు మీద పెట్టే రకమని నీకు తెలుసు.

ఇంకో మాట. మూటలో నీకొకటి దాచి పంపాను. పేరు రాయను. రాస్తే నెగడు దగ్గర తలా ఒకటి పంచుకుని నీకు ఖాళీ సంచి మిగులుస్తారు. విప్పగానే నీకే తెలుస్తుంది. నువ్వు నోరు విప్పి చెప్పుకోవు గానీ, ఇన్నాళ్ళుగా పడుతున్న బాధ నాకు తెలియదనుకోకు. ఇక్కడి ఆడవాళ్ళంతా వేసుకుంటారు, సిగ్గుపడాల్సింది లేదు.

నేను రోజూ ఒక స్టేషను దూరం రైలెక్కి దిగుతున్నాను. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు, ఎక్కడానికే. తలుపు పక్కన నిలబడి ఈల ఊపిరి వదులుతుంటే పిల్లలు ఏ పాటని అడుగుతున్నారు. ఈ మధ్య వస్తువులు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నాను. మొన్న ముఖ్యమైనదొకటి కనబడక ఇల్లంతా గాలించాను. మీ మరిది "నీ బుర్ర కూడా పోయిందా?" అని వెక్కిరించాడు.

నువ్వు దిద్దిన బుద్ధిమంతురాలు
హేసన్


జేజు దీవి
1977 మే 3

హేసన్‌కి,

ఈసారి నీ ఉత్తరం నేనే ముందు పట్టుకున్నాను. నీళ్ళలోకి దిగకుండా పోస్టుమనిషి కోసం గట్టు మీద కూర్చున్నాను. "ఒక్‌చునుకి ఒసాకాలో మిండగాడెవడే?" అని మున్ అవ్వ అంది. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఆ నోటికి ముసలితనం రాలేదు.

పూజారమ్మ చేత పిలిపించడం అయింది. నీ చొక్కా తీసుకుని నల్లబండ ఒడ్డుకి వెళ్ళి, నీ పేరు మూడుసార్లు పిలిచి, చొక్కాని నీళ్ళ మీద ఊపింది. మూడోసారి పిలిచినప్పుడు అల వెనక్కి పోలేదు, నా కాళ్ళ దగ్గరే ఆగింది. నాకు నచ్చలేదు. "వచ్చింది" అంది పూజారమ్మ. ఎవరి ప్రాణం వచ్చిందని అడగబోయి ఊరుకున్నాను. ఎవరైనా వస్తూ పోతూ ఉంటే చొక్కా పంపుతాను. ఉతక్కు.

నువ్వు దాచి పంపినది దొరికింది. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నిన్నన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. నేను ఒక్క ముక్క చెప్పకపోయినా నా బాధ కనిపెట్టావు. చిన్నప్పటి నుంచీ నా ముఖం చదవడం నీకొక్కదానికే వచ్చు. బావ ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు, ఆయనకి కనబడలేదు.

ఇక్కడ మార్చి నుంచీ రోజూ గాలే హేసన్. పొద్దున దుస్తులు తొడుక్కునేటప్పుడే మొదలవుతుంది. గట్టు దిగేసరికి నిలబడలేను. ఈ వయసులో చిన్నపిల్లలు దిగే మోకాటి లోతులో నాచు కోసుకుని వస్తున్నాను. నడుం పట్టిందని అందరికీ చెప్తున్నాను. ఎగువ రాయి మీద కూర్చునేదాన్ని, ఎంతకాలం దాచగలను?

పోయిన వారం దిగే ముందు ఒకటి వేసుకున్నాను. పావుగంటలో గాలి పడిపోయింది. ఎంత హాయిగా ఉందో! పదే కాబట్టి పొదుపుగా వాడుకుంటాను.

నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను. నువ్వు మంచిదానివి.

ఒక్‌చున్


ఒసాకా
1977 మే 17

బంగారు అక్కకి,

నువ్వేనా ఆ ఉత్తరం రాసింది? "మంచిదానివి" అన్న మాట మీ మరిదికి చదివి వినిపిస్తే, "చూడు, కింద సంతకం ఇంకెవరిదైనా ఉందేమో" అన్నాడు. నేను మాత్రం ఏడ్చాను.

పది అంటున్నావు! నేను ఇరవై పెట్టాను. సగం యాంగ్ వదిన నొక్కేసిందన్నమాట. ఒట్టుకి కూడా సగమే విలువ ఆవిడ దగ్గర. పోనీలే, నీకు ఉపశమనం దొరికింది, అది చాలు.

పొదుపు చెయ్యకు. నీకు పొదుపు జబ్బుంది. దిగే రోజల్లా ఒకటి వేసుకో. మరీ బాధగా ఉంటే రెండు వేసుకో, ఏమీ కాదు, ఇక్కడ ముసలమ్మలు మూడేసి వేసుకుని తిరుగుతారు. కాస్త వేడిగా, తిమ్మిరిగా అనిపిస్తే భయపడకు, అది పనిచేస్తున్నట్టు గుర్తు. ఎవరైనా వచ్చే వీలు దొరకగానే ఇంకో ఇరవై పంపుతాను.

ఈ ఏడాది గాలి అంత ఎక్కువగా ఉందా? వార్తల్లో ఏమీ చెప్పలేదే! గాలి ఉన్న రోజు నాచుతో సరిపెట్టుకోవడమే మంచిది. లోతుకి వెళ్ళి నువ్వెవరికీ ఏమీ చూపించక్కర్లేదు.

నేను మూడు స్టేషన్ల దాకా వచ్చాను. మూడో స్టేషను దగ్గర వేయించిన పిండివంటల బండి ఉంది. డాక్టరు కాదు గానీ ఆ బండే నాకు మందులా ఉంది. కానీ ఏదో సరిగా లేదక్కా. నీ ఉత్తరాన్ని కారణం లేకుండా మళ్ళీ మళ్ళీ తీసి చదువుతున్నాను. ఇలాంటివన్నీ నమ్మొద్దని, నోటు పుస్తకంలో రాసి మూసెయ్యమని డాక్టరు చెప్పాడు. రాసి మూసేశాను.

ఒక మాటకి ఏడ్చిన నీ వెర్రి చెల్లెలు
హేసన్


జేజు దీవి
1977 మే 31

హేసన్‌కి,

నువ్వు చెప్పినట్టే రెండు వేసుకుంటున్నాను. నిజమే, వేడిగా ఉంటుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పనిచేస్తున్నట్టు గుర్తని నువ్వు ముందే రాయడం మంచిదైంది, లేకపోతే కంగారుపడేదాన్ని.

మళ్ళీ లోతుకి వెళ్తున్నాను. శనివారం నావి ఏడు గుల్లలు, యాంగ్ వదినవి రెండు. లోపల ఎంత నెమ్మదిగా ఉందో ఎలా చెప్పను? ఇదివరకు ఊపిరి అయిపోతుంటే రొమ్ములో ఎవరో తలుపు బాదినట్టు ఉండేది కదా, "పైకి పో, పైకి పో" అని. ఇప్పుడెవరూ బాదరు. నాకు తోచినంతసేపు ఉంటాను. తోచినప్పుడు వస్తాను. శనివారం పైకొచ్చేసరికి వీళ్ళంతా నీళ్ళ మీద తేలే సొరబుర్రలు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. ఏమిటని అడిగాను. మున్ అవ్వ ఒక్కతే, "నీ ఈల ఏమైందే?" అంది. పైకొచ్చి ఈల వెయ్యలేదట. ఊపిరి వదలాలని గుర్తురాలేదు.

నెగడు దగ్గర అన్నం తింటూ నిద్రపోయాను. చేతిలో గిన్నె మంటలో పడింది. నవ్వారు. అవ్వ నవ్వలేదు.

యాంగ్ వదిన సంగతి విన్నావా? సంతలో జపాను నొప్పి పట్టీలు అమ్ముతోంది, నడుముకి అంటించుకునేవి. ఎక్కడివని అడిగితే చూపు తిప్పేసింది. ఒకటివ్వమంటే "నీ చెల్లెలు నీకు పంపలేదా?" అని ఎదురు ప్రశ్న! నా చెల్లెలు పంపింది నీ పట్టీల్లాంటిది కాదు, మింగితే లోపలి నొప్పే పోతుందని అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఇక మూడే మిగిలాయి. రెండు పదిహేనో తేదీకి దాచాను. ఆ రోజు పోటు తక్కువ, నీళ్ళు తేటగా ఉంటాయి. నల్లబండకి వెళ్ళి బోబే పలుగు తెస్తాను. దాని కూతురు వచ్చే నెల నీళ్ళలోకి దిగుతుంది, తల్లి పలుగు ఆ పిల్ల చేతిలో ఉండాలి. ఎవరూ ఆ వైపు వెళ్ళడం లేదు. నేను వెళ్ళగలను. నా దగ్గర నువ్వు పంపినది ఉంది కదా.

నీ దయవల్ల గాలి లేని అక్క
ఒక్‌చున్


టెలిగ్రాం
ఒసాకా నుంచి, 1977 జూన్ 14

ఒక్‌చునుకి. నెగడు దగ్గర అందరి ముందు చదవండి. నేను పంపింది నొప్పి పట్టీలు. మాత్రలు నా భయం మందు. చొక్కా జేబులో మర్చిపోయాను. నేను మందు మానలేదు, అబద్ధమాడాను. అవి వేసుకుని దిగితే చస్తావు. దిగకు. హేసన్.


ఒసాకా, పెద్ద పోస్టాఫీసు
1977 జూన్ 14

అక్కా,

ఇప్పుడే టెలిగ్రాం ఇచ్చాను. గుమాస్తా "రేపటికి చేరుతుంది" అన్నాడు. రేపు ఎన్నింటికని అడిగితే భుజాలెగరేశాడు. మీ గుల్లలవాళ్ళ సంఘం ఆఫీసు ఫోనుకి రెండు గంటల నుంచి ప్రయత్నిస్తున్నారు, కలవడం లేదు. ఈ బల్ల మీద కూర్చుని ఊరికే ఉండలేక రాస్తున్నాను. ఇది నీకు అందేసరికి అన్నీ అయిపోయి ఉంటాయని తెలుసు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. "మింగితే" అన్న మాట దగ్గర చదవడం ఆపాను. తర్వాత నీ పాత ఉత్తరాలన్నీ తీసి నేల మీద పరిచాను. ఇక్కడ కూడా గాలి మొదలైంది. రోజూ గాలే. నిలబడలేను. అన్నీ నాకే రాశావు. ఆ మాట నాకు నేర్పిందే నువ్వు, నేనేమో వార్తల్లో చెప్పలేదే అని జవాబిచ్చాను. నువ్వు కూడా భయపడగలవని ఒక్కసారి కూడా తోచలేదక్కా. నన్ను క్షమించకు.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఊపిరి అయిపోతోందని ఒంట్లో ఒక గంట మోగుతుంది. ఇది ఆ గంటని నిద్రపుచ్చుతుంది. నీళ్ళలో ఉన్న మనిషికి ఇది ఇవ్వకూడదమ్మా, ఎవరి మందు వాళ్ళదే" అన్నాడు. ఇవ్వలేదని చెప్పాను. రెండు వేసుకోమని రాసింది మాత్రం నేనే.

పెద్ద పోస్టాఫీసు ఆరు స్టేషన్లు. మూడు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. మీ మరిది పనిలో ఉన్నాడు. నా మాత్ర ఒకటి వేసుకున్నాను. అది నాకిచ్చిన మందు, నా కొలత. తలుపు పక్కన నిలబడి ఈల వేసుకుంటూ వచ్చాను. నాలుగో స్టేషను దగ్గర కాళ్ళు వణికాయి, వణకనిచ్చాను. భయం పోలేదు. భయంతోనే వచ్చాను. రావచ్చని ఈ రోజే తెలిసింది.

గుమాస్తా మళ్ళీ తల అడ్డంగా ఊపుతున్నాడు. లైను కలవలేదు.

ఈల వెయ్యి అక్కా. ఎక్కడున్నా ఒక్కసారి ఈల వెయ్యి.

హేసన్


జేజు దీవి
1977 జూన్ 27

హేసన్‌కి,

 బతికే ఉన్నానని రెండో రోజే టెలిగ్రాం ఇప్పించాను, అందే ఉంటుంది. మిగతాది చెప్తున్నాను.

నీ టెలిగ్రాం పదిహేనో తేదీ పదకొండింటికి వచ్చింది. నేను పదింటికే దిగాను. మా పోస్టాఫీసు పిల్లాడు గట్టు మీదికి పరుగెత్తుకొచ్చి, నువ్వు రాయమన్నట్టే అందరి ముందూ గట్టిగా చదివాడట. యాంగ్ వదిన అక్కడే కూలబడి తల బాదుకుందట. మున్ అవ్వ నల్లబండ వైపు చెవి పెట్టింది. నా సొరబుర్ర తేలుతోంది, ఈల లేదు. అవ్వ లోతుకి దిగి ఎనిమిదేళ్ళైంది. నాచు కొడవలి తీసుకుని దిగింది.

గంటసేపు మునిగి తేలుతూ వెతికాక బోబే పలుగు దొరికింది హేసన్. దాన్ని లాగడానికి తాడు నా మణికట్టుకే వేసుకున్నాను. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా చేస్తారా? అప్పుడు మాత్రం అదే సరైన పని అనిపించింది. అవ్వ వచ్చేసరికి నేను పెనుగులాడటం లేదట. బండకి చేరగిలబడి, కళ్ళు తెరుచుకుని, నవ్వుతున్నానట. తాడు కోసి, జుట్టు పట్టుకుని పైకి లాగింది. పలుగు అక్కడే ఉంది. ఎడమ చెవి వినబడటం లేదు. రేవు పట్నం ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాను.

నెగడు దగ్గర అందరికీ అన్నీ తెలిసిపోయాయి, నీ మందూ, నా గాలీ. సిగ్గుతో రాయి మీద కూర్చోకుండా పక్కన నిలబడ్డాను. అవ్వ కసురుకుంది: "కూర్చోవే! యాభై ఏళ్ళుగా నాకూ గాలే. అది లేనిదాన్నైతే ఎప్పుడో చేపలు తినేసేవి." ఎవరి గాలి వాళ్ళకి ఉండాలట, నీళ్ళలోకి దిగేదాని దగ్గర్నుంచి దాన్ని తీసెయ్యకూడదట. యాంగ్ వదిన మిగిలిన పట్టీలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తీసుకోలేదు, తర్వాత తీసుకున్నాను. నడుం నిజంగానే నొప్పిగా ఉంది.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు. అక్కడ చాలా బాగుంది హేసన్. అంత నెమ్మది నాకు జన్మలో తెలియదు. బోబే కూడా అలాగే ఉందా అనుకుంటున్నాను. మళ్ళీ అక్కడికి వెళ్ళాలనిపిస్తోంది. గుల్లల కోసం కాదు, ఊరికే. ఆసుపత్రి డాక్టరు చెవి సంగతి అడిగాడు, రొమ్ము సంగతి అడిగాడు, ఇది అడగలేదు. నేను చెప్పలేదు. వచ్చే నెలాఖరుకి మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి చెప్పాలి. మీ డాక్టరులాంటి వాళ్ళు రేవు పట్నంలో ఉన్నారేమో ఆయన్నే అడగాలి. నాకు నోరు రాదు. నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటే చెప్తాను. ఆరు స్టేషన్లు వచ్చావు కదా, ఇంకొంచెం దూరం రా.

ఒక మాత్ర మిగిలింది. ఇంట్లో ఉంటే నా చూపు దాని మీదే ఉంటోంది. అందుకే నీ నీలం చొక్కా జేబులో పెట్టి, జేబు కుట్టేసి, చొక్కా మున్ అవ్వకిచ్చాను. నువ్వు వచ్చాక విప్పుకో.

ఇవాళ అందరూ దిగారు, నేను గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం ఎవరు విప్పి చదివినా పరవాలేదు. ఇక్కడ గాలి లేదు. సముద్రం కదలడం లేదు, గడ్డి పోచ కూడా ఊగడం లేదు.

నాకు భయంగా ఉంది చెల్లీ.

ఒక్‌చున్